ఒకటో ఎక్కం గారి మోడెం

టైపు మిషన్ల మెకానిక్కుకి జీవితంలో ఒకే ఒక్క నియమం ఉండేది. ఏది చెడిపోయినా సరే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక మళ్ళీ మొదటి నుంచీ చూడాలి. ఒకేసారి రెండు మార్చే మనిషిని ఆయన జేబుదొంగని చూసినట్టు చూసేవాడు. అందుకే వీధిలో అందరూ ఆయనకి ‘ఒకటో ఎక్కం’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కోపం మాత్రం లేదు. “ఒకటో ఎక్కం తప్పు చెప్పినవాణ్ణి ఎక్కడైనా చూశారా?” అనేవాడు.

ఆ నియమం దుకాణంలోనే ఉండిపోతే ఎవరికీ బాధ ఉండేది కాదు. సాయంత్రం ఆయనతో పాటే చెప్పులు విడిచి ఇంట్లోకి వచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు టీ బాగా లేదన్నాడు. ఆయన భార్యని వీధంతా బుజ్జమ్మ అని పిలుస్తుంది. బుజ్జమ్మ ఆ టీ పారబోసి, పాలు పెంచి, పంచదార తగ్గించి, ఆకు కొత్త పొట్లంలోంచి వేసి మళ్ళీ కాచి తెచ్చింది. ఆయన తాగి, బ్రహ్మాండంగా ఉందని చెప్పి, దిగులుగా కూర్చున్నాడు.

“మళ్ళీ ఏమొచ్చింది?”

“బాగుంది. ఎందువల్ల బాగుందో తెలియడం లేదు. ఏం మార్చావు?”

“అన్నీ.”

“అన్నీ మారిస్తే మనం ఏం తెలుసుకున్నట్టు?”

ఇక ఆయనే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పాలు ఒక్కటే మార్చి ఒక గ్లాసు. పంచదార ఒక్కటే మార్చి ఒక గ్లాసు. ఆకు ఒక్కటే మార్చి ఒక గ్లాసు. ఇద్దరూ చెరి ఏడు గ్లాసులు తాగాక, దోషం పాలదీ కాదు, పంచదారదీ కాదు, గిన్నెకి పట్టిన సబ్బుదని తేలింది. ఆయన ముఖం వెలిగిపోయింది. బుజ్జమ్మ మాత్రం వారం రోజుల పాటు టీ ముట్టలేదు.

తలనొప్పి వస్తే మాత్ర వేసుకునేవాడు, పడుకునేవాడు కాదు. తగ్గకపోతే పడుకునేవాడు, మాత్ర మానేసేవాడు. రెండూ కలిపి చేస్తే ఏది తగ్గించిందో తలకి తెలియదట. ఇంట్లో దీపం వెలగకపోతే ముందు బల్బు మార్చేవాడు, తర్వాత హోల్డరు, ఆ తర్వాత స్విచ్చి. వీధంతా చీకటిగా ఉందని చివర్న కిటికీలోంచి చూసేవాడు.

ఇలాంటి మనిషి చేతికి ఒక కంప్యూటర్ వచ్చింది.

అది కొన్నది కాదు. ఒక ఆఫీసువాళ్ళు, “ముప్ఫై ఏళ్ళుగా మా టైపు మిషన్లు చూశారు. ఇక మా దగ్గర మిషన్లే లేవు. ఈ పాత పెట్టె మీరు ఉంచుకోండి” అని సాగనంపారు. ఏదో పత్రికతో పాటు ఇచ్చిన సీడీలోంచి ఆయన దాంట్లోకి లినక్స్ అనేదాన్ని ఎక్కించాడు. ఎందుకూ అంటే, అది తన జబ్బు తానే చెప్పుకుంటుందట. స్విచ్చి వేయగానే తెర మీద లైన్లు చకచకా పరుగెత్తేవి. ఇది దొరికింది, అది దొరకలేదు, ఫలానాది పలకడం లేదు అని. ఏదైనా లైను కళ్ళకి అందకుండా పారిపోతే ఆయన కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, ఆ లైను కోసం కాపు కాసేవాడు.

అన్నీ దొరికాయి కానీ మోడెం పలకలేదు. ఫోను తీగ గుండా కంప్యూటర్ మాట్లాడాలంటే మోడెం ఉండాలి. ఈయనది పెట్టె పొట్టలో గుచ్చిన పచ్చటి కార్డు. దేశదేశాల టైపు మిషన్ల మెకానిక్కులు ఆ తీగ మీద ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారని ఆయన చదివాడు. తయారీ ఆగిపోయిన ఒక స్ప్రింగు గురించి వాళ్ళని అడగాలని ఆశ.

ఇక చూసుకోండి. రోజూ మధ్యాహ్నం పెట్టె మూత నాలుగు మరలూ విప్పడం. కార్డు తీసి ఒక్కటి మార్చడం. కార్డు పెట్టి, నాలుగు మరలూ బిగించి, స్విచ్చి వేసి, పరుగెత్తే లైన్లన్నీ చదవడం. అప్పుడు ఏ, టీ అని రెండక్షరాలు కొట్టి మోడెం ఓకే అంటుందేమోనని చూడడం. ఓకే అని పలికితే, ఒక ఫోను నంబరు తిప్పించడం. బుజ్జమ్మ చూసి చూసి, “ఆ మరలు బిగించకుండా ఉంచితే ఏం పోతుంది?” అంది.

“మూత తీసి ఉంచితే అది రెండో మార్పు అవుతుంది.”

ఇంతవరకూ బాగానే ఉంది. మోడెం ఎవరికి ఫోను చెయ్యాలి? అవతల మంచి చెవులున్న మనిషి ఉండాలి. ఆయన ఎంచుకున్న చెవులేవో తెలిశాక బుజ్జమ్మ తల పట్టుకుంది.

అవి టైపు టీచరమ్మ చెవులు. నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఒకప్పుడు ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌లో పద్దెనిమిది మిషన్లు టకటకలాడేవి. వాటికి నూనె వేసింది ఈయనే. లోయరు పరీక్షకి తంటాలు పడిన వాళ్ళలో బుజ్జమ్మ ఒకతె. టీచరమ్మ అందరికీ వీపు పెట్టి కూర్చుని, “మూడో మిషను, చిటికెన వేలు బద్ధకిస్తోంది” అనేది. చూసేది కాదు. వినేది. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక టీచరమ్మా, ఆవిడ అక్కా ఒకరికొకరుగా ఉండేవారు. నాలుగు నెలల క్రితం అక్క పోయింది. అప్పటి నుంచి టీచరమ్మ మాట్లాడడం మానేసింది. బుజ్జమ్మ పంపిన క్యారేజీ ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చేది. మేనకోడలు వచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని, “వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇల్లు తాళం వేసి నాతో తీసుకెళ్ళిపోతాను” అంది. ఆ రోజు టీచరమ్మ బుజ్జమ్మ చెయ్యి పట్టుకుని ఒక్క మాట అంది. “ఈ గుమ్మం దాటితే నేను బతకనమ్మా.”

అలాంటి మనిషికి ఈయన కంప్యూటర్ చేత ఫోను చేయించాడు. సరిగ్గా నాలుగింటికి.

“హలో” అంది కంప్యూటర్ పొట్టలోంచి టీచరమ్మ గొంతు. మోడెంకి చిన్న స్పీకరు ఉందని తెలియక, అప్పుడే బజారు నుంచి వచ్చిన బుజ్జమ్మ చేతిలో కూరగాయల సంచీ కింద పడింది.

కుయ్, అంది మోడెం. కుయ్. కుయ్.

“ఎవరూ?”

కుయ్.

మెకానిక్కు ఫోను అందుకున్నాడు. “టీచరుగారూ, నేను. ఇప్పుడు మాట్లాడింది మిషను. ఏం వినపడింది?”

“పిచ్చుక గొంతులో నూక అడ్డం పడ్డట్టుంది” అని టీచరమ్మ ఫోను పెట్టేసింది.

“ఇంట్లో మనిషి పోయి ఏడుస్తున్నావిడతో ఆటలేమిటండీ?” అంది బుజ్జమ్మ. “ఆ రోజు ఆ ఒక్క మాట అన్నాక మళ్ళీ ఇవాళే నోరు విప్పింది. అదీ మీ కుయ్‌కుయ్ గురించి.”

“సమాధానం మాత్రం స్పష్టంగా చెప్పింది” అని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. మార్చినది, కార్డు గుచ్చిన చోటు. ఫలితం, పిచ్చుక.

మర్నాడు మోడెం అసలు నోరే తెరవలేదు. హమ్మయ్య అనుకుంది బుజ్జమ్మ. ఆయన మామూలు ఫోను తీసి అదే నంబరు తిప్పాడు. “టీచరుగారూ, ఇవాళ పలకలేదండి. మీరు ఎదురుచూస్తారని చెబుతున్నాను.”

“నేనెందుకు ఎదురుచూస్తాను?” అంది టీచరమ్మ. పెట్టేయబోయి, “ఏం మార్చావు?” అంది.

“గోడ నుంచి పెట్టెకి వచ్చే తీగ.”

“అదొక్కటేనా?”

“ఒక్కటే.”

“ఊఁ.”

అలా మొదలైంది. పలికితే మోడెం ఫోను చేసేది, పలకకపోతే ఈయన చేసేవాడు. ఎటు తిరిగీ నాలుగింటికి టీచరమ్మ ఇంట్లో ఫోను మోగడం మాత్రం తప్పేది కాదు. ఒకరోజు “ఇవాళ బాతు” అనేది. ఒకరోజు “మొన్నటి బాతే, జలుబు చేసింది” అనేది. ఒకరోజు, “నూనె వేశావా దానికి?” అని అడిగింది. “దీనికి నూనె వెయ్యకూడదటండి” అని ఈయన చెబితే, “నూనె వెయ్యని మిషను ఏం మిషనయ్యా” అని పావుగంట తిట్టింది. ఆయన తిట్లన్నీ శ్రద్ధగా విని, ఫలితాల కింద రాసుకున్నాడు.

బుజ్జమ్మకి ఇది నచ్చలేదు. ఆదివారం దగ్గరపడుతోంది. ఇటు చూస్తే ఈ కుయ్‌కుయ్‌లకి ఆవిడ బుర్ర పాడైపోతుందేమోనని భయం. ఈ మోడెం త్వరగా బాగైపోతే ఆవిణ్ణి వదిలేస్తాడు కదా అని, చెప్పకుండా వెళ్ళి కంప్యూటర్ షాపాయన్ని పిలుచుకొచ్చింది.

షాపాయన మంచివాడే. చేతులు మాత్రం ఎనిమిది. మూత తీసి, కార్డు లాగి, దాని మీద గోరంత నల్ల టోపీలుంటే, జంపర్లంటారు వాటిని, నాలుగూ ఊడబెరికి కొత్త చోట్ల పెట్టాడు. తీగ మార్చాడు. “లినక్స్ కూడా తీసేద్దామండీ, పీడ పోతుంది” అన్నాడు.

మెకానిక్కు గోడకి చేరబడ్డాడు. “ఆ టోపీలు ముందు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుందా?”

“దేనికండీ?”

“బుజ్జమ్మా, మంచినీళ్ళు” అన్నాడు ఆయన.

షాపాయన్ని గుమ్మం దాకా మర్యాదగా పంపి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టడానికి మూడు రోజులు తీసుకున్నాడు. ఒకసారికి ఒక్కటి. ఆ మూడు రోజులూ టీచరమ్మకి ఫోను చేసి, ఆ మనిషి ఎన్ని మార్చాడో చెప్పుకున్నాడు. “నాలుగూ ఒకేసారా?” అని ఆవిడ అవతల నోరు నొక్కుకుంది. “కన్నవాళ్ళు ఏమీ చెప్పలేదా అతనికి?”

మూడు వారాలు తిరిగేసరికి పుస్తకంలో ఒక విచిత్రం తేలింది. ఏం మార్చినా, మార్చకపోయినా, మోడెం మంగళవారం పలుకుతోంది, శుక్రవారం పలుకుతోంది. మిగతా రోజుల్లో నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చుంటోంది. ఆయన గాలిలో తేమ అన్నాడు. ఫోనువాళ్ళు ఆ రెండు రోజులూ కరెంటు ఎక్కువ పంపుతున్నారేమో అన్నాడు. ఆఖరికి పుస్తకమంతా టీచరమ్మకి ఫోనులో చదివి వినిపించాడు. పేజీ తర్వాత పేజీ. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

“మంగళవారం, శుక్రవారం నాలుగింటికి మీ ఇంట్లో ఏది ఉండదు?” అంది చివరికి.

ఆయన గదంతా కలయజూశాడు. “అన్నీ ఉంటాయండి. బుజ్జమ్మ ఒక్కతే ఉండదు. కూరగాయలకి వెళుతుంది.”

“మిగతా రోజులు ఆ వేళకి ఏం చేస్తుంది?”

బుజ్జమ్మ గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఫోను లాక్కుంది. “ఏం చేస్తానండీ, ఊడ్చే ముందు బల్లలు తుడుస్తాను.”

“కంప్యూటర్ బల్ల కూడానా?”

“ఆ మౌసో ఏదో, దాన్ని పక్కకి జరిపి, కింద తుడిచి, మళ్ళీ పెడతాను. అదేమైనా తప్పా?”

“తప్పు కాదమ్మా” అంది టీచరమ్మ. గొంతులో నవ్వు. “ఒకసారి అతన్ని ఆ మౌసు కదపమను.”

మెకానిక్కు ఆ మౌసుని ఒక్కనాడూ ముట్టుకోలేదు. మీటల మీంచి చెయ్యి తీసినవాడు టైపిస్టే కాదని ఆయన పట్టుదల. ఇప్పుడు ఏ, టీ కొట్టాడు. ఓకే అంది మోడెం. మౌసు వేలితో ముట్టాడు. మళ్ళీ ఏ, టీ కొట్టాడు. మౌనం.

సంగతి ఏమిటంటే, ఆ పెట్టెలో ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు గంట ఉంటుందట, నాకు పని పడింది చూడు అని కంప్యూటర్‌ని పిలవడానికి. మౌసుకీ మోడెంకీ పొరపాటున ఒకటే గంట పడింది. రెండు ఇళ్ళకి ఒకటే కాలింగ్‌బెల్లు ఉంటే వచ్చినవాడు ఎవరింటికి వచ్చాడో ఎవరికి తెలుస్తుంది? బుజ్జమ్మ బల్ల తుడిచినప్పుడల్లా మౌసు గంట కొట్టేది. మోడెం మూగబోయేది.

“అంటే, ఇన్నాళ్ళూ తప్పు నాదన్నమాట” అంది బుజ్జమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని.

“తీగ మార్చాను, కార్డు మార్చాను, చోటు మార్చాను” అన్నాడాయన ఆశ్చర్యంగా. “నిన్ను మార్చి చూడాలని ఒక్కసారి కూడా తట్టలేదు.”

బుజ్జమ్మ కోప్పడాలనుకుంది. ఆలోచిస్తే అది తిట్టో పొగడ్తో తేలలేదు. వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

ఇక చెయ్యాల్సింది రెండే. కార్డు మీద ఒక టోపీని నాలుగో నంబరు నుంచి ఐదుకి జరపాలి. జరిపానని లినక్స్‌కి ఒక లైను రాసి చెప్పాలి. రెండూ కలిపి చేస్తేనే పని జరుగుతుంది. ఆయనకి చెమట పట్టింది. ఆ రోజు టోపీ జరిపి, నాలుగు మరలూ బిగించి, పలకదని తెలిసీ పరీక్ష చేసి, పలకలేదని రాసుకున్నాడు. మర్నాడు లైను రాశాడు. మోడెం గడగడా మాట్లాడింది. బుజ్జమ్మ మౌసుని బల్ల చుట్టూ ఊరేగించినా ఆగలేదు.

“మొత్తం రెండు మార్చావు” అంది టీచరమ్మ స్పీకరులోంచి.

“వేరు వేరు రోజుల్లోనండి.”

హమ్మయ్య, పీడ వదిలింది అనుకుంది బుజ్జమ్మ. వదలలేదు. మర్నాడు నాలుగింటికి మళ్ళీ కుయ్. ఆ మర్నాడూ కుయ్. “ఇవాళ ఏం మార్చావు?” అని అవతలి నుంచి. “ఏమీ మార్చలేదండి. మార్చకపోతే ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా” అని ఇవతలి నుంచి. పన్నెండు రోజులు ఇదే వరస.

ఆదివారం వచ్చింది. “ఇవాళ ఒక్కరోజు ఫోను చెయ్యకండి. మేనకోడలు వస్తోంది. మీ కుయ్‌కుయ్ వింటే ఆవిణ్ణి ఈ క్షణమే బండెక్కిస్తుంది” అని బుజ్జమ్మ బతిమాలింది. ఆయన తల ఊపాడు. అది ఔననో కాదనో బుజ్జమ్మకి అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని మూడున్నరకే టీచరమ్మ ఇంటికి పరుగెత్తింది, ఫోను తానే ఎత్తి పెట్టేద్దామని.

మేనకోడలు అప్పటికే వచ్చింది. అలమర తలుపులు తీసి ఉన్నాయి. పెట్టె సగం సర్దింది. “బుజ్జమ్మక్కా, మీరే చెప్పండి. ఇక్కడ ఒక్కతీ ఎలా ఉంటుంది? ఎవరితో మాట్లాడుతుంది?” అంది. బుజ్జమ్మ టీచరమ్మ వైపు చూసింది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది. నున్నగా తల దువ్వుకుంది. ఫోను పక్కన కాగితం, చెక్కిన పెన్సిలు. వంటింట్లో గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి.

నాలుగైంది. ఫోను మోగింది. బుజ్జమ్మ లేవబోతే టీచరమ్మ చేత్తోనే వారించింది. “ఉండమ్మా, నాకు పనుంది.”

ఫోను ఎత్తింది. కళ్ళు మూసుకుని వింది. “ఊఁ. బాగా ఎత్తుగా పలికింది. కొంచెం ముక్కుతో మాట్లాడుతోంది. ఏం మార్చావు? ఏమీ లేదా? నిజం చెప్పు. నిన్న మూత తుడిచావా? చూశావా మరి, చెప్పవేం? తుడిస్తే అది మార్పు కాదా? ముప్ఫై ఏళ్ళు నా దగ్గర ఏం నేర్చుకున్నావయ్యా నువ్వు?” కాగితం మీద ఏదో రాసింది. నవ్వింది. మళ్ళీ తిట్టింది.

మేనకోడలు పెట్టె అంచు మీద కూలబడింది. ఫోను పెట్టాక మెల్లగా అడిగింది. “ఎవరు అత్తయ్యా?”

“ఆఫీసు” అంది టీచరమ్మ.

“రేపు కూడా ఉంటుందా?”

“రోజూ ఉంటుంది. ఆదివారం సెలవు కూడా ఇవ్వడు, దుర్మార్గుడు. వాళ్ళ చెవులు పనికిరావు. నేను లేకపోతే వాళ్ళకి ఒక్క పని జరగదు.”

మేనకోడలు పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటీ తీసి అలమరలో పెట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం బస్సుకి ఒక్కతే వెళ్ళింది.

ఆమె వెళ్ళాక బుజ్జమ్మ చేతులు నలుపుకుంటూ, “టీచరుగారూ, మా ఆయన మిమ్మల్ని విసిగిస్తున్నాడు. నిజానికి ఆ మోడెం…” అంది.

“బాగుపడి పన్నెండు రోజులైంది. నాకు చెవులు లేవా?” అంది టీచరమ్మ. “ఎవరూ టైపు మిషన్లు బాగుచేయించడం లేదు. దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు పాపం. సాయంత్రానికి ఏం మార్చావయ్యా అని అడిగే మనిషి ఒకరుండాలి కదా అతనికి? నాకు తెలుసని మాత్రం చెప్పకు. చిన్నబుచ్చుకుంటాడు.” చెప్పనని బుజ్జమ్మ ఒట్టేసింది.

బుజ్జమ్మ ఇంటికొచ్చేసరికి ఆయన వీధి గుమ్మంలోనే పచార్లు చేస్తున్నాడు. “వెళ్ళిపోయిందా?”

“లేదు. ఉండిపోయింది.”

ఆయన అరుగు మీద కూర్చుని ఊపిరి వదిలాడు. బుజ్జమ్మ పక్కన కూర్చుంది. “ఆ మోడెం బాగానే ఉంది కదండీ? పొద్దున స్ప్రింగు గురించి ఎవరో రాసిన ఉత్తరం చదువుతున్నారు, నేను చూశాను.”

“ఉష్” అన్నాడు ఆయన. “ఆవిడకి నాలుగింటి బ్యాచీ అంటే ప్రాణం. పద్దెనిమిది మిషన్లూ నిండేవి. ఆ వేళకి ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే ఎలా కూర్చుంటుంది? నువ్వు మాత్రం చెప్పకు. జాలిపడ్డామని తెలిస్తే ఫోను ఎత్తదు.”

చెప్పనని బుజ్జమ్మ ఒట్టేసింది. ఆ రోజు అది ఆవిడ వేసిన రెండో ఒట్టు. అన్నం వడ్డిస్తూ రెండుసార్లు నవ్వొచ్చి, దగ్గు అని చెప్పింది.

తర్వాతి వారం ఊరవతల ఒక ఆఫీసులో ఇంకా ఒక టైపు మిషను బతికే ఉందని కబురొచ్చి మెకానిక్కు వెళ్ళాడు. మూడున్నరైంది. మూడు ముప్పావైంది. మనిషి జాడ లేదు. బుజ్జమ్మ చేతులు కడుక్కుని, ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని, లోయరు పరీక్షలో కూర్చున్నట్టే పది వేళ్ళూ మీటల మీద పెట్టి, నంబరు కొట్టింది. కుయ్, అంది మోడెం. బుజ్జమ్మ ఫోను ఎత్తింది.

“ఏం మార్చావు?” అంది టీచరమ్మ.

“మనిషిని, టీచరుగారూ. నేను బుజ్జమ్మని.”

“అయితే చాలా చూడాలి. మొదటి నుంచీ చెప్పు. పొద్దున ఏం వండావు?” అంది టీచరమ్మ.

నాలుగుంబావుకి మెకానిక్కు సంచీ భుజాన వేసుకుని రొప్పుతూ ఇంట్లోకి దూకాడు. ఫోను కోసం చెయ్యి చాపాడు. బుజ్జమ్మ ఇవ్వలేదు. ఇంకా కూర దగ్గరే ఉన్నారు ఇద్దరూ.

“ఎవరు, అతనేనా?” అంది ఫోనులో టీచరమ్మ. “కాసేపు కూర్చోమను. మనం మాట్లాడుకుంటున్నాం కదా.”

ఆయన సంచీ దించి, స్టూలు లాక్కుని, తన వంతు కోసం బుద్ధిగా కూర్చున్నాడు.